వంట లేని పది రోజులు

కోల్‌కతాలోని లేక్ మార్కెట్ దగ్గర ఓ మూడో అంతస్తు ఫ్లాట్. అందులో ఆ కవరు రెండు వారాలుగా టీవీ పక్కనే పడి ఉంది. అది 2023 సెప్టెంబర్. పెళ్లయి 40 ఏళ్లు నిండిన తల్లిదండ్రులకు అమెరికాలో ఉన్న కొడుకు పంపిన బహుమతి అది. ఢిల్లీ నగరంలో రెండు రాత్రులు, జైసల్మేర్ ఎడారిలో మూడు, సిమ్లా కొండల్లో నాలుగు. విమానం టికెట్లు, ప్రత్యేకంగా ఓ కారు, వెంట గైడు, ఇసుక తిన్నెల మధ్య స్నానాల గది ఉన్న డేరా. ‘మీరు ఏ పనీ చేయనక్కర్లేదు’ అని కాగితం చివర ఓ హామీ కూడా.

బ్యాంకులో 36 ఏళ్లు పనిచేసి రిటైరైన ఆయనకు నచ్చనిది ఆ చివరి వాక్యమే. ఏ పనీ చేయకుండా తిరగడానికి అంత డబ్బా? టూరు రద్దు చేసి ఆ సొమ్ము మనవరాలి పేర డిపాజిట్ చేయమని కొడుక్కి ఫోన్ చేయబోయారు. అంతలో వంటింట్లోంచి ఆమె గొంతు వినిపించింది: “ఏవండీ, నాకు వెళ్లాలని ఉంది.” ఫోన్ పక్కన పెట్టేశారాయన. 40 ఏళ్లుగా ‘వెళ్దామా?’ అని ఆయన అడగడం, ‘మీ ఇష్టం’ అని ఆమె అనడం. ఆ ఇంట్లో ఈ మాట వినపడడం అదే మొదటిసారి.

ప్రయాణాలు ఆ ఇంటికి కొత్త కావు. 1979లో శ్రీకాకుళం జిల్లా నుంచి ఉద్యోగానికి కలకత్తా వచ్చిన ఆయనకు బెంగాలీల నుంచి అంటుకున్న మొదటి అలవాటు టీ అయితే, రెండోది తిరగడం. ఊళ్లు పట్టుకు తిరిగేవాణ్ని తెలుగువాళ్లు కాలికి బలపం కట్టుకున్నాడంటారు. పాదాల కింద ఆవాలున్నాయంటారు బెంగాలీలు. దుర్గాపూజ సెలవులు వస్తున్నాయంటే చాలు, ఇంటింటా మంకీ క్యాపులు, అజీర్తికి వాము అరఖు సీసాలు పెట్టెల్లోకి చేరాల్సిందే. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే ‘దీ-పు-దా’. అంటే దీఘా, పూరీ, దార్జీలింగ్. మరికాస్త ఉంటే రాజస్థాన్, కాశ్మీర్.

బెంగాలీల ఎడారి మోజుకు ఓ సినిమా కూడా కారణం. సత్యజిత్ రాయ్ 1971లో నవలగా రాసి, 1974లో తెరకెక్కించిన ‘సోనార్ కెల్లా’లో పూర్వజన్మ గుర్తుందనే ఓ కుర్రాడు ఎప్పుడూ బంగారు కోట గురించే మాట్లాడతాడు. ఆ కోట జైసల్మేర్‌లో ఉంది. పసుపు రాతితో కట్టిన ఆ కోటను బెంగాలీలు అప్పటి నుంచీ తమదే అన్నట్టు చూసుకుంటారు. కొండల ముచ్చటను రాయ్ అంతకుముందే, 1962లో ‘కాంచన్‌జంఘా’లో తీర్చారు. దార్జీలింగ్‌లో సెలవులు గడుపుతున్న ఓ సంపన్న కుటుంబం కథ అది. నగరం, ఎడారి, పర్వతం అన్న జాబితాలో కోల్‌కతాకు కొత్తేమీ లేదు.

కొత్తగా వచ్చింది ‘లగ్జరీ’ అన్న మాటే. సుఖం అంటే ఏమిటో ఆ నగరం తనదైన లెక్క ఎప్పుడో వేసుకుంది. 1933లో అక్కడ మొదలైన ‘కుండు స్పెషల్’ వంటి యాత్రా సంస్థలు పేరు తెచ్చుకున్నది పెద్ద హోటళ్లతో కాదు, వెంట తీసుకెళ్లిన వంటవాళ్లతో. ఏ ఊరెళ్లినా ఇంటి తరహా అన్నం, చేపల పులుసు. హిమాలయాల్లోనూ ఆవనూనె ఘాటే. ఊరు మారిన సంగతి కంటికి తెలియాలి కానీ నాలుకకు తెలియకూడదు.

ఈ దంపతులు 1994 పూజ సెలవుల్లో అలాంటి ఓ బృందంతోనే రాజస్థాన్ చూసొచ్చారు. దాదాపు నలభై మంది బెంగాలీలు, ఓ తెలుగు కుటుంబం. కిటికీ సీటు కోసం హౌరాలో మొదలైన తగువు జోధ్‌పూర్ దాకా సాగింది. బస చేసిన చోట తెల్లారకముందే కుళాయి దగ్గర వరస. ఆ యాత్ర గురించి అడిగితే ఆయన ఇప్పటికీ కోట గురించి, ఒంటెల గురించి చెబుతారు.

ఆమె జ్ఞాపకం వేరు. జైసల్మేర్‌లో మొదటి రాత్రి ఎవరో ఆమె ముందు పళ్లెం పెట్టి, వేడన్నం వడ్డించి, “ఇంకాస్త వేయనా?” అని అడిగారు. పెళ్లయిన పదకొండేళ్లలో పుట్టింట్లో తప్ప ఆమెను ఆ మాట అడిగినవాళ్లు లేరు. రేపేం వండాలన్న ఆలోచన లేకుండా నిద్రపోయిన రాత్రి అది. ఆ ముక్క ఆమె ఎవరికీ చెప్పలేదు. భర్తకు తెలిసింది 29 ఏళ్ల తర్వాత, టీవీ పక్కన ఉన్న ఆ కవరు గురించి మాట్లాడుకున్నప్పుడు.

నవంబర్‌లో బయలుదేరారు. ఢిల్లీలో పెట్టె మొయ్యబోతే ఒకరు అందుకున్నారు. తలుపు తీయబోతే మరొకరు తీశారు. ఆయనకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. బిల్లు సరిచూద్దామంటే బిల్లే రాదు. తగువు పెట్టుకుందామంటే పక్క సీటే లేదు. ఆమె మాత్రం హోటల్ అల్పాహారం దగ్గర గంటసేపు కూర్చున్నారు. తినడానికి కాదు, ఊరికే కూర్చోడానికి.

జైసల్మేర్‌లో కోట మారలేదు. మారింది లోపలి సంగతి. 1156లో రావల్ జైసల్ పునాది వేసిన ఆ కోటలో నేటికీ జనం కాపురముంటున్నారు. గుళ్లు, ఇళ్లు, దుకాణాలతో పాటు పర్యాటకుల బసలూ అందులోనే. ఒకప్పుడు కుండలతో నీళ్లు మోసుకెళ్లిన చోటికి కుళాయిలు వచ్చాయి. వాటి వెంట స్నానాల గదులూ వచ్చాయి. కాలువల్లోంచి ఊరిన వాడుక నీరు పునాదుల్లోకి దిగి గోడలను, బురుజులను దెబ్బతీసింది. ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ 1996లోనే ఈ కోటను చేర్చింది. చుక్క నీటికి ముఖం వాచిన చోట కోటకు ముప్పు తెచ్చింది నీళ్లే.

ఆ సాయంత్రం ఊరికి 40 కిలోమీటర్ల దూరంలో, సమ్ ఇసుక తిన్నెల దగ్గర డేరాలో కుళాయి తిప్పితే వేడినీళ్లు వచ్చాయి. “ఈ నీళ్లెక్కడివి బాబూ?” అని ఆమె తనకొచ్చిన హిందీలో అడిగారు. ట్యాంకర్‌లో తెస్తామన్నాడు కుర్రాడు. ఆమె అరబకెట్‌తో స్నానం కానిచ్చారు.

మర్నాడు అలవాటు కొద్దీ అయిదింటికే మెలకువ వచ్చింది. బయటికొస్తే చీకటింకా వీడలేదు. డేరాల వెనక ఒకచోట మాత్రం దీపం వెలుగుతోంది. ఇద్దరు పిండి కలుపుతున్నారు, ఒకరు పాలు కాస్తున్నారు. లేచి అప్పటికే గంట దాటిందట. మీరెప్పుడు తింటారని అడిగారామె. “గెస్టులంతా తిన్నాక.” ఆ నియమం ఆమెకు బాగా తెలుసు. 40 ఏళ్లుగా లేక్ మార్కెట్ ఫ్లాట్‌లో అమలవుతున్నది అదే. పని మాయమైపోలేదని, ఒక చేతిలోంచి మరో చేతిలోకి మారిందని ఆమెకు అర్థమైంది. డేరాలో వాళ్లకు జీతం ముడుతుంది, అంతే తేడా.

సిమ్లా ఆయన వంతు. 1903లో మొదలైన కాల్కా-సిమ్లా చిన్న రైలు ఎక్కాక ఆయనకు హుషారొచ్చింది. కలకత్తా రాజధానిగా ఉన్న రోజుల్లో, 1864 నుంచి, ఎండలు ముదరగానే ప్రభుత్వమే మూటాముల్లె సర్దుకుని ఈ కొండలెక్కేదని భార్యకు వివరించారు. వైస్రాయి, ఆయన వెనక అధికారులు, గుమాస్తాలు, ఫైళ్ల పెట్టెలు. పదిహేడు వందల కిలోమీటర్లకు పైగా దూరం. సర్కారు సొమ్ముతో సాగిన ఆ వేసవి విడిది కన్నా పెద్ద లగ్జరీ టూర్ ఏముంటుందని నవ్వారు.

అక్కడితో ఆగలేదు. ఏనుగుల వీరాస్వామి దగ్గరికీ వెళ్లారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ అయిన వీరాస్వామి 1830 మేలో కాశీకి బయలుదేరి, కలకత్తా కూడా చూసుకుని 1831 సెప్టెంబర్‌లో ఇల్లు చేరారు. దాదాపు వందమంది పరివారం, డేరాలు, పల్లకీ మోసే బోయీలు. ఆ ‘కాశీయాత్ర చరిత్ర’ను ఆయన పెట్టెలో పెట్టుకునే వచ్చారు. అంతా విని ఆమె ఒక్కటే అడిగారు: “వాళ్లందరికీ వండిందెవరండీ?”

పుస్తకంలో చూసి చెబుతానన్నారు ఆయన. ఆ రాత్రి చాలాసేపు దీపం ఆర్పలేదు.

పదో రోజు రాత్రి ఇల్లు చేరారు. మర్నాడు పొద్దున్నే తలుపు తట్టింది ఎప్పటిలాగే గిన్నెలు తోమడానికి వచ్చే మహిళ. క్యానింగ్ వైపు నుంచి తెల్లవారుజాము లోకల్ రైలెక్కి, బాలీగంజ్‌లో దిగి, నాలుగిళ్లలో పనిచేసి సాయంత్రం తిరిగెళ్లే మనిషి. ఆ రైలు నిండా అలాంటివాళ్లే ఉంటారు. ఎడారి ఎలా ఉంది మాషిమా అని అడిగారామె. చెప్పిందంతా విన్నాక, తానూ ఓసారి ఊరివాళ్లతో బస్సులో పూరీ వెళ్లానన్నారు. అక్కడేం బాగుందని ఇంటావిడ అడిగారు. జగన్నాథుడి పేరో, సముద్రం పేరో వస్తుందనుకున్నారు. “మూడు రోజులు కుండ తోమలేదు మాషిమా” అన్నారు ఆ మహిళ.

హాల్లో పేపరు చదువుతున్న ఆయన తలెత్తారు.

2024 జనవరిలో ఆ మహిళ మళ్లీ పూరీ వెళ్లారు, ఈసారి కూతురితో, రైల్లో. జీతంతో కూడిన నాలుగు రోజుల సెలవు. టికెట్ల డబ్బు ఆయన పెన్షన్‌లోంచి. ఆ నాలుగు రోజులూ గిన్నెలు తోమింది ఆయనే. మొదటి రోజు టీ కూడా పెట్టారు. చక్కెర మరీ ఎక్కువైంది. ఆమె ఏమీ అనకుండా తాగారు. కప్పు ఖాళీ అవుతుండగా ఆయన గిన్నె పట్టుకుని వచ్చి నిలబడ్డారు.

“ఇంకాస్త పోయనా?”