రైలు లేని ఊళ్లో రైలు రంగులు

అద్దంకికి రైలు లేదు. రైలెక్కాలంటే ఒంగోలు పోవాలి. అలాంటి ఊళ్లో ఎవరైనా బల్లమీద బుల్లి రైలు కట్టుకోవాలనుకుంటే ముందు ఇంజను గురించి, పట్టాల గురించి ఆలోచిస్తారు. రంగుల సంగతి ఆఖర్న వస్తుంది. వచ్చాక కూడా ఏ కంపెనీది, ఏ నంబరుది అన్న దగ్గరే మాట ఆగిపోతుంది. నన్నడిగితే ఈ వరస తలకిందులు. మన ఎండల్లో ఏ రంగు నిలవుంటుందో ముందు తేల్చుకోవాలి, ఏది కొనాలన్నది ఆ తర్వాత. ఈ ప్రాంతానికి ఇది కొత్త పాఠమేమీ కాదు. గుంటూరు చుట్టూ మిర్చి కోసం అన్ని కోల్డ్ స్టోరేజీలు ఎందుకు లేచాయి? వేడి, వెలుతురు, గాలి తగిలేకొద్దీ కాయ ఎరుపు వెలిసిపోతుంది, రంగుతోపాటు ధరా పోతుంది. కారం పట్టిస్తే మరీ త్వరగా వెలుస్తుంది, ఎందుకంటే గాలి సోకే మేర పెరుగుతుంది. రంగు డబ్బాకు కూడా శత్రువులు దాదాపు వీళ్లే.

ఎనామెల్ సంగతే చూడండి. అది ఆరడమంటే టర్పెంటైన్ ఆవిరైపోవడం ఒక్కటే కాదు, అందులోని నూనె గాలిలో ఉన్న ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. సగం వాడిన డబ్బాలో తక్కిన సగం గాలే కదా, మూత కిందే ఆ పని మొదలై పైన తోలు కడుతుంది. వేసవిలో ఇంకాస్త తొందరగా కడుతుంది. అక్రిలిక్‌ది వేరే దారి. దాన్లో ఉండేది నీరు, మూత వదులైతే అది ఎగిరిపోయి రంగు చిక్కబడుతుంది. పూర్తిగా గడ్డకట్టక ముందే చూసుకుంటే బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ నాలుగు చుక్కలతో మళ్లీ దారికొస్తుంది. బోరు నీళ్లు మాత్రం వద్దు, మన నీళ్లలో ఉప్పులెక్కువ. అక్రిలిక్‌కు ఇంకో గుణం ఉంది, త్వరగా ఆరుతుంది. పత్తి తీతలు, మిర్చి కళ్లాలు సాగే నెలల్లో ఇక్కడి గాలి నిండా నూగు, దుమ్ము. గంటల తరబడి తడిగా ఉండే ఎనామెల్ మీద ఆ నూగు వాలిందంటే రైలు పెట్టెకు బొచ్చు మొలిచినట్టే. అందుకే ఈ మైదానంలో నా ఓటు అక్రిలిక్‌కే.

అక్రిలిక్ లోహాన్ని సరిగా పట్టుకోదని ఎనామెల్ పక్షం వాళ్లంటారు. నిజమే. అయితే దానికి మందు ముందుగా పల్చగా ఒక పూత ప్రైమర్ వేయడం, రంగు జాతినే మార్చడం కాదు. ఇంకో మాట కూడా వినిపిస్తుంది: ట్రాక్టరు ట్రక్కులకు వేసే ఎనామెల్ ఊళ్లోనే హార్డ్‌వేర్ కొట్లో చవగ్గా దొరుకుతుంటే పట్నం నుంచి చిన్న సీసాలు తెప్పించుకోవడం దేనికని. ఇక్కడ లెక్క చూడాలి. హెచ్.ఓ. స్కేలంటే అసలు రైలులో 87వ వంతు. ఆ నమూనా మీద పూత మందం 0.1 మి.మీ. అయితే అసలు పెట్టె మీద 8.7 మి.మీ. పూసినంత. రివెట్లు, కిటికీ అంచులు దాని కింద సమాధి. పైగా అదే కొట్లో ఇచ్చే ఎన్.సి. థిన్నర్ ప్లాస్టిక్ పెట్టెను కరిగించేస్తుంది. ట్రక్కు రంగు ట్రక్కుకే బాగుంటుంది. పట్టాల కింద నేలకో, బల్ల కాళ్లకో వాడుకుంటే ఎవరూ వద్దనరు.

అసలు పట్టింపంతా ఛాయ దగ్గర వస్తుంది. గుంటూరు–గుంతకల్లు మార్గం మీటర్ గేజ్‌గా ఉన్ననాటి ఇటుక ఎరుపు పెట్టెలు కావాలి, 1990ల తర్వాతి నీలం కావాలి, అదీ అచ్చంగా కావాలి. మన దేశంలో రంగులకు ఐ.ఎస్. 5 అనే ప్రమాణం ఉంది, దాని నంబరు చూసి కొంటే సరిపోదా? సరిపోదు. ఆ నంబరు కొత్తగా పూసిన రంగుది. ఎండలో నాలుగేళ్లు తిరిగిన పెట్టెది ఆ ఛాయ కాదు. అదీగాక దూరాన ఉన్న వస్తువు రంగు కంటికి కొంచెం పాలిపోయి ఆనుతుంది, కాబట్టి బుల్లి పెట్టెకు అసలు ఛాయే పూస్తే ముదురుగా కొడుతుంది, చిటికెడు తెలుపో బూడిదో కలపక తప్పదు. కలపక తప్పనప్పుడు ఒక్క కంపెనీ సీసాకే కట్టుబడటం దేనికి? రైలు రంగులకు ప్రపంచమంతటా పేరుపడ్డ అమెరికా కంపెనీ రంగు ఫ్లోక్విల్ తయారీని 2013లో ఆపేశారు. దాని నంబర్లనే నమ్ముకున్నవాళ్లు వెతుక్కుంటూ మిగిలారు. ఏది ఎన్ని చుక్కలు కలిపారో ఒక అట్టమీద రాసి, పక్కనే ఆ రంగు పూసి, చీకటి సొరుగులో పెట్టుకున్నవాళ్లకు ఆ బాధ లేదు.

ఇక దాచే చోటు. మిర్చికి చల్లదనమైతే రంగుకు ఫ్రిజ్ ఎందుకు కాదని అడగొచ్చు. గడ్డకడితే అక్రిలిక్ విరిగిపోతుంది, కరిగాక మళ్లీ కలవదు. ఎనామెల్, థిన్నర్ ఆవిరికి ఫ్రిజ్‌లోని చిన్న నిప్పురవ్వ చాలు, అన్నం పక్కన పెట్టే వస్తువు కాదనేది సరేసరి. అటకా పనికిరాదు, మధ్యాహ్నపు స్లాబు వేడంతా అక్కడే ఉంటుంది. రేకుల గది ఇంకా అధ్వానం. ఎండ పడని గదిలో బీరువా కింది అర మేలు. ఎనామెల్ సగమైతే చిన్న సీసాలోకి నిండుగా మార్చాలి, లేదా శుభ్రంగా కడిగి ఆరబెట్టిన గోళీలు వేసి మట్టం పైకి తేవాలి. మూత బిగించేముందు అంచు తుడవాలి. ఈ చివరిది చెప్పడానికే సిగ్గుపడేంత చిన్నపని, కానీ డబ్బాలు ఎక్కువగా పాడయ్యేది దీనివల్లే.

పెద్ద డబ్బా చవక కదా అనేవాళ్లకు ఇక వేరే జవాబు అక్కర్లేదు. వాడిన సగానికి, ఎండిన సగానికి కలిపి డబ్బు కట్టినట్టు. వేసవికి ముందొకసారి బీరువా తెరిచి సీసాలన్నీ కదిపి చూడండి, కలవనివి తీసేయండి. పాత థిన్నర్‌ను మాత్రం సైడు కాలవలో పోయకండి.