ఆగినా ఆరని దీపం

నాన్న పాత సైకిలుకి దీపం లేదు. మా అమ్మాయికేమో ఆవిరి యంత్రాల కాలం నాటి ఇత్తడి దీపమే కావాలి. దానికోసం తండ్రీకూతుళ్లం జుమ్మేరాత్ బజార్ నుంచి కోఠీ దాకా తిరిగాం. చివరికి దీపం వెలిగింది. కానీ మేం అనుకున్నట్టు కాదు... నాన్న అడిగినట్టు!

‘‘ఏం గావాలె సార్?’’

దుప్పటి మీద పరిచిన సామాన్ల వెనకాల గొంతుక్కూర్చున్న పెద్దాయన అడిగాడు. ఆ దుప్పటి మీద లేనిదేంటి! ముల్లు విరిగిన టైంపీసులు, మూతలేని థర్మాస్ ఫ్లాస్కులు, ఒంటికాలి ఫ్యాను రెక్క, ఎవరి ఇంటివో తాళంచెవుల గుత్తి, పంపు స్టవ్వు ట్యాంకు, కుట్టుమిషను చక్రం.

‘‘సైకిలు దీపం చేసుకోవాలి. దానికి పనికొచ్చేవి’’ అన్నాను.

ఆయన నన్నూ, మా అమ్మాయినీ ఎగాదిగా చూసి నవ్వాడు. ‘‘చేసిన దీపమే దొరుకుతది గద సార్ దుకాండ్ల!’’

నిజమే. వంద రూపాయలు పెడితే దొరుకుతుంది. అలాంటిది ఒకటి కొన్నాం కూడా. నెలకే దాని క్లిప్పు విరిగిపోయింది. అయితే మేం ఆ గురువారం పొద్దున్నే జుమ్మేరాత్ బజార్‌కి రావడానికి కారణం ఆ విరిగిన క్లిప్పు ఒక్కటే కాదు.

తాతగారి సైకిలు

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్న బడిపంతులు. తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని బడికి కాలువ కట్ట మీదుగా రోజూ సైకిలు మీద వెళ్లొచ్చేవారు. చీకటిపడ్డాక వచ్చే ఆ సైకిలును మేం చప్పుడుతోనే పోల్చుకునేవాళ్లం. టైరుకి ఒరుసుకుంటూ తిరిగే డైనమో ‘జుయ్’మనే చప్పుడు. ఆ వెనకే కొబ్బరిచెట్ల మధ్య ఊగుతూ వచ్చే పసుప్పచ్చటి వెలుగు. రాత్రిళ్లు దీపం లేకుండా తిరిగితే పోలీసులు ఆపి టైర్లలో గాలి తీసేసే రోజులవి.

1981 డిసెంబరులో ఓ రాత్రి ఆ చప్పుడు రాలేదు. నాన్నను నులకమంచం మీద మోసుకొచ్చారు. అప్పటికి నాకు ఆరేళ్లు. దారిలో ఏదో ట్రాక్టరు తగిలిందని మాత్రం తెలుసు. ఆ తరవాత ఆయన కుడికాలు కొంచెం ఈడుస్తూ నడిచేవారు. చీకటిపడ్డాక మళ్లీ సైకిలెక్కలేదు. పగిలిన దీపం స్థానంలో కొత్తది పెట్టించలేదు. దీపం తగిలించే ఇనుప కొక్కెం, వెనక చక్రం పక్కన డైనమో... రెండూ అలాగే ఉండిపోయాయి.

నాలుగేళ్ల కిందట అమ్మ పోయాక నాన్న హైదరాబాద్‌లో మా దగ్గరికి వచ్చేశారు. కూడా తెచ్చుకున్నవి రెండే- ఓ ట్రంకు పెట్టె, ఆ సైకిలు. నిరుడు మా అమ్మాయి దాన్ని దుమ్ము దులిపి, టైర్లు మార్పించి, ట్యూషన్‌కి వేసుకెళ్లడం మొదలుపెట్టింది. ట్యూషన్ అయ్యేసరికి రాత్రి ఏడున్నర. మా కాలనీ మలుపులో వీధిదీపం వెలిగిన రోజు పండగే. ఓ రోజు మలుపులో ఆటో ఆమెను గీసుకుంటూ పోయింది. మోచెయ్యి దోక్కుపోవడంతో సరిపోయింది. ఆ రాత్రి నాన్న అన్నం తినలేదు.

ఏంటీ స్టీమ్‌పంక్?

‘‘దీపం నేనే డిజైన్ చేస్తాను నాన్నా’’ అంటూ మా అమ్మాయి ఫోన్లో బొమ్మలు చూపించింది. మెరిసే ఇత్తడి డొప్పలు, పళ్లచక్రాలు, ఆవిరి పీడనం కొలిచే మీటర్లు, తోలు పట్టీలు. దీన్ని స్టీమ్‌పంక్ అంటారట. పెట్రోలు, ప్లాస్టిక్కు, కంప్యూటరు చిప్పు రాకుండా ప్రపంచం ఆవిరి యంత్రాల దగ్గరే ఆగిపోయి ఉంటే మన వస్తువులన్నీ ఎలా ఉండేవి? ఆ ఊహే స్టీమ్‌పంక్. కె.డబ్ల్యు.జీటర్ అనే అమెరికన్ రచయిత 1987లో ఓ పత్రికకు రాసిన ఉత్తరంలో సరదాగా వాడిన మాట అది. ఆ ఊహకు మూలపురుషులు మాత్రం జూల్స్ వెర్న్, హెచ్.జి.వెల్స్. వెర్న్ నవలలోని నాటిలస్ జలాంతర్గామిని తలచుకుంటే చాలు, సంగతి అర్థమైపోతుంది.

నిజానికి ఆ కాలపు సైకిలు దీపాలు ఊహ కాదు. మొదట్లో నూనె దీపాలే. 1890ల తరవాత కార్బైడ్ దీపాలొచ్చాయి. పై అరలో నీళ్లు, కింది అరలో కాల్షియం కార్బైడ్. చుక్క చుక్కగా నీళ్లు పడుతుంటే ఎసిటిలిన్ వాయువు పుట్టి తెల్లగా వెలుగుతుంది. మామిడికాయలు మగ్గబెట్టడానికి వాడకూడదని నిషేధించారే, ఆ కార్బైడే! ఆ దీపాల ఒళ్లంతా ఇత్తడి. తరవాత డైనమో వచ్చింది. తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే కరెంటు పుడుతుందని 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రం చివరికి పల్లెటూరి పంతులు సైకిలు చక్రం దాకా చేరింది.

‘‘ఒళ్లు ఇత్తడిది, కరెంటు తాతయ్య డైనమోది, వెలుగు ఎల్‌ఈడీది’’... ఇదీ మా అమ్మాయి ప్లాను. వాళ్ల తాతయ్య విని ‘‘ఊఁ’’ అన్నారంతే.

గురువారం బజారు

జుమ్మేరాత్ అంటే ఉర్దూలో గురువారం. పేరులోనే వారం ఉంది కాబట్టి ఎప్పుడెళ్లాలో వేరే చెప్పక్కర్లేదు. పురానాపూల్‌కి దగ్గర్లో జరుగుతుందీ సంత. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా 1578లో మూసీ మీద కట్టించిన వంతెన అది. చార్మినార్ కన్నా వయసులో పెద్దది. ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్లో దిగి మేం ఆటో ఎక్కాం. ఎండెక్కితే అక్కడ నిలబడలేం, మంచి సరుకూ మిగలదు. పొద్దున్నే వెళ్లడం మేలు.

ఇక్కడ సామాను వెతకడానికి ఓపిక కావాలి. బేరానికి ఇంకా ఓపిక కావాలి. పీడనం మీటరు ఒకటి కనిపిస్తే ‘మూడొందలు’ అన్నాడు. పళ్లచక్రాల కోసం ఆగిపోయిన టైంపీసు ఒకటి ఎనభైకి తీసుకున్నాం. కానీ అసలైన డొప్ప ఏది? పాత టార్చిలైట్లు చూశాం, సన్నం. పెట్రోమాక్స్ ట్యాంకు చూశాం, మరీ లావు.

అప్పుడు కనిపించింది దుప్పటి మూలన... మరచెంబు!

మరచెంబు గుర్తుందా? రైలు ప్రయాణాల్లో మంచినీళ్లు తీసుకెళ్లడానికి మరలతో బిగించే మూత ఉన్న ఇత్తడి చెంబు. ప్లాస్టిక్ సీసాలు రాకముందు ప్రతి ఇంట్లోనూ ఉండేది. ఇది పిల్ల మరచెంబు. గుప్పెట్లో ఇముడుతుంది. పచ్చగా చిలుము పట్టి ఉంది. మా అమ్మాయి మూత తిప్పి తీసి, మళ్లీ బిగించి, ‘‘నాన్నా, మూతకి కన్నం చేసి అద్దం పెడితే? ఎప్పుడు కావాలంటే అప్పుడు తెరవొచ్చు, వానకి లోపలికి నీళ్లూ రావు’’ అంది.

‘‘అసలు ఇత్తడి సార్. గీకి చూస్కో’’ అన్నాడు పెద్దాయన. నాలుగొందలన్నది రెండొందల డెబ్భైకి తెగింది. డబ్బు తీసుకుంటూ ‘‘బిడ్డ సైకిల్‌కేనా?’’ అని అడిగి, కుట్టుమిషను నుంచి ఊడదీసిన రెండు ఇత్తడి మరలు ఊరికే ఇచ్చాడు.

బేగంబజార్ లేతు, కోఠీ డయోడు

అక్కణ్నుంచి బేగంబజార్ ఎంతో దూరం లేదు. గిన్నెల దుకాణాల మధ్య నడుస్తుంటే ఇత్తడి, రాగి, స్టీలు కళ్లు మిరుమిట్లు గొలిపేస్తాయి. ఓ గల్లీలో లేతు మిషను అతను మూతను బిగించి, అంచు మాత్రం మిగిల్చి మధ్యలో గుండ్రంగా కోసిచ్చాడు. టైంపీసు అద్దం అందులో సరిగ్గా కూర్చుంది. వాషరు దొరక్కపోతే పాత సైకిలు ట్యూబు ముక్కను గుండ్రంగా కత్తిరించి వేశాడు. తీసుకున్నది నూట యాభై. ‘‘ఇత్తడి కోస్తే మైనం లెక్క కోస్తది. స్టీలైతే ఇంకింత అడుగుతుంటి’’ అన్నాడు.

చివరి మజిలీ కోఠీ గుజరాతీ గల్లీ. రేడియో వాల్వుల కాలం నుంచీ మన ఎలక్ట్రానిక్స్ కుర్రాళ్లకు ఇదే తిరుపతి. మూడు వాట్ల ఎల్‌ఈడీలు రెండు, వాటి ముందు పెట్టే చిన్న ప్లాస్టిక్ కటకాలు రెండు, డయోడ్లు నాలుగు కొన్నాం. నాలుగు డయోడ్లు ఎందుకంటే డైనమో ఇచ్చే కరెంటు ఇటూ అటూ మారుతూ ఉంటుంది. ఎల్‌ఈడీకి ఒకే దిక్కున పారే కరెంటు కావాలి. నాలుగు డయోడ్లను చతురస్రంగా కలిపితే ఆ పని జరుగుతుంది. సైకిలు డైనమో సాధారణంగా 6 వోల్టులు, 3 వాట్లది. అర ఆంపియర్‌ని మించి పెద్దగా ఇవ్వదు. కాబట్టి ఒకదాని తరవాత ఒకటిగా కలిపిన రెండు ఎల్‌ఈడీలకు అది చక్కగా సరిపోతుంది.

ఇంటికొచ్చాక మా ఆవిడ చింతపండుతో తోమిచ్చిన చెంబు బంగారంలా మెరిసింది. ఎల్‌ఈడీలను ఓ ఇత్తడి బిళ్లకి అతికించి, ఆ బిళ్లను చెంబుకి తాకేలా బిగించాం. ఎల్‌ఈడీకి వేడి శత్రువు. ఆ వేడిని చెంబే లాక్కుని గాలికి వదిలేస్తుంది. అంటే ఇత్తడి సోకు మాత్రమే కాదు, పని కూడా చేస్తుందన్నమాట! పైన టైంపీసు పళ్లచక్రాలు రెండు, కుట్టుమిషను మరలతో. డైనమోలో నాలుగు చుక్కలు నూనె వేసి తిప్పితే మొదట మొరాయించింది. తరవాత... అదే చప్పుడు. ‘జుయ్’! నలభై ఏళ్లు దాటిన తరవాత!

ఒక్క ప్రశ్న

సాయంత్రం వరండాలో స్టాండు వేసి పెడలు తిప్పాం. ఎదురింటి గోడ తెల్లగా వెలిగిపోయింది. అందరం చప్పట్లు కొట్టాం. నాన్న మాత్రం కుర్చీలోంచి లేచి, కాలు ఈడుస్తూ వచ్చి, తిరుగుతున్న చక్రాన్ని చేత్తో ఆపారు.

దీపం ఆరిపోయింది.

‘‘ఆగితే?’’ అన్నారు.

ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు, ఇన్నేళ్లలో మొదటిసారి. ‘‘ఆ రాత్రి చైను ఊడిపోయింది. కట్ట మీద సైకిలు ఆపి వంగున్నా. చక్రం ఆగితే డైనమో దీపం ఉండదుగా. మంచు. ట్రాక్టరు వాడికి నేను కనబళ్లేదు. వాడి తప్పేం లేదు.’’

డైనమో దీపాలకి ఉన్న లోపమే అది. పోతున్నంతసేపూ వెలుగుతుంది. అసలు ప్రమాదం ఆగినప్పుడే. మా అమ్మాయిని ఆటో గీసుకుపోయింది కూడా ఆమె మలుపులో ఆగి ఉన్నప్పుడే. నేనూ, అమ్మాయీ మొహాలు చూసుకున్నాం. చక్రాలూ, మరలూ అన్నీ ఆలోచించాం గానీ, ఈ ఒక్కటీ ఆలోచించలేదు!

మర్నాడు మళ్లీ కోఠీ. దుకాణంలో కుర్రాడికి సంగతి చెబితే అగ్గిపెట్టెలో పట్టేంత చిన్న వస్తువొకటి కౌంటరు మీద పెట్టాడు. సూపర్ కెపాసిటర్. ఒక ఫారడ్, ఐదున్నర వోల్టులది. ఫారడ్ అన్న కొలమానానికి ఆ పేరు ఆ ఫారడే నుంచి వచ్చిందే. బ్యాటరీలా ఏళ్లకేళ్లు మార్చక్కర్లేదు. సైకిలు నడుస్తున్నప్పుడు కరెంటును కుండలో నీళ్లలా నింపుకుంటుంది. ఆగినప్పుడు ఓ చిన్న ఎల్‌ఈడీకి చుక్క చుక్కగా వదులుతుంది. నిండేటప్పుడు దాని ఓర్పుకి మించి వోల్టులు ఎక్కకుండా 5.1 వోల్టుల జీనర్ డయోడు, 100 ఓముల రెసిస్టరు అడ్డం పెట్టాం. చిన్న ఎల్‌ఈడీకి విడిగా 220 ఓముల రెసిస్టరు. అన్నీ కలిపి ఖర్చు వంద రూపాయలు దాటలేదు. వెనక మడ్‌గార్డుకి ఎర్ర రిఫ్లెక్టరు కూడా బిగించాం.

ఆ రాత్రి వీధిలో అమ్మాయి రెండు రౌండ్లు కొట్టింది. కాదు... నాన్న చెబితే ఐదు రౌండ్లు కొట్టింది. వీధిదీపం ఎప్పట్లాగే లేదు. కుక్కలు మొరుగుతూ వెంటపడ్డాయి. మలుపు దగ్గర కావాలనే సైకిలాపి, దిగి నిలబడింది. పెద్ద వెలుగు ఠక్కున ఆరిపోయింది. కానీ మరచెంబు మూతలోంచి చిన్న తెల్లటి చుక్క మాత్రం అలాగే ఉంది. గేటు దగ్గర నిలబడ్డ మాకు అంత దూరం నుంచీ స్పష్టంగా కనిపిస్తోంది.

నాన్న చేతి గడియారం వంక చూస్తూ నిలబడ్డారు. ఒక నిమిషం... రెండు... మూడు... చుక్క సన్నబడుతోంది గానీ ఆరలేదు. నాలుగు నిమిషాలకి గడియారం మీంచి తలెత్తారు.

‘‘చాల్లే’’ అన్నారు. ‘‘చైను ఎక్కించుకోడానికి ఈమాత్రం చాలు.’’