దాళ్వా కోతకి ముందు చైనా ప్రయాణం

ఈసారి పోస్టు యూరియా గురించి కాదు, దోమ గురించీ కాదు. చైనా గురించి. నవ్వకండి.

మా పెద్దోడు రెండేళ్ళ నుంచీ గ్వాంగ్‌జౌ అనే ఊళ్ళో ఎలక్ట్రానిక్స్ కంపెనీలో చేస్తున్నాడని మీలో చాలామందికి తెలుసు. ఈ రెండేళ్ళలో ఒక్క సంక్రాంతికీ రాలేదు. మన సంక్రాంతికి వాళ్ళకి సెలవు లేదు. వాళ్ళ వసంత పండగ ఈ ఏడు ఫిబ్రవరి 17. దానికి వారం పైన సెలవులిస్తారు గానీ, ఆ వారం ఫ్యాక్టరీ చూసుకునే పని వీడి మీదే పడింది. "మీరే రండి నాన్నా, ఏప్రిల్ 4 నుంచి 6 దాకా నాకు సెలవు" అన్నాడు. ఆ సెలవు ఏంటంటే చింగ్‌మింగ్ అని, మన మహాలయ పక్షాల లాంటిదే. పెద్దల సమాధులు శుభ్రం చేసి వాళ్ళకి పెట్టుకునే రోజు. పోయిన పెద్దల కోసం ఇచ్చే సెలవులో ఉన్న పెద్దలం వెళ్తున్నామన్నమాట.

వాడు చెప్పగానే నేను ముందు క్యాలెండరు చూళ్ళేదు, చేను చూశాను. నారు డిసెంబరు మొదటి వారంలో పోశాం. 1121 రకం. లెక్క ప్రకారం ఏప్రిల్ 10, 12 ప్రాంతంలో కోతకొస్తుంది. మాది కాలవ శివారు, మనకి వంతు రావడం అంటే తెలుసుగా, అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని బోదె గట్టు మీద కూర్చోవడం. ఫిబ్రవరి, మార్చి అయితే బ్రహ్మదేవుడు పిలిచినా కదలను. మొన్న దాళ్వాలో పొట్ట మీదున్నప్పుడు మేనకోడలి పెళ్ళని రెండు రోజులు వెళ్ళొచ్చేసరికి వంతు నీళ్ళు పైవాళ్ళ చేలల్లోనే ఆగిపోయి, మా కింద మడి నెర్రెలిచ్చింది. ఎకరానికి నాలుగైదు బస్తాలు అక్కడే పోయాయి. ఈసారి మార్చి నెలాఖరు తడి అయిపోతే గింజ గట్టిపడే టైము. అప్పుడు నేను గట్టు మీద నిలబడినా చేసేది లేదు, వాన రాకుండా దణ్ణం పెట్టుకోవడం తప్ప. అది చైనాలో కూడా పెట్టుకోవచ్చు.

దారి ఇలా అనుకున్నాం. ఏప్రిల్ 2 మధ్యాహ్నం రాజమండ్రిలో కోరమాండల్ ఎక్కి మర్నాడు షాలిమార్‌లో దిగడం. ఆ రాత్రి కలకత్తాలో విమానం ఎక్కితే తెల్లారుజామున గ్వాంగ్‌జౌ. కరోనా వచ్చిన 2020 నుంచి ఆగిపోయిన విమానాలు కిందటేడు అక్టోబరు 26న మళ్ళీ మొదలయ్యాయి, ఆ మొదటిది ఈ కలకత్తా నుంచి వెళ్ళినదే. అంతకుముందు మావాడు బ్యాంకాక్ మీదుగానో సింగపూర్ మీదుగానో తిరిగి రావాల్సి వచ్చేది. 8వ తారీకు తెల్లారేసరికి అక్కడ బయల్దేరితే 9 పొద్దున్నకి రాజమండ్రి. ఏప్రిల్ 15 దాటితే అక్కడ కాంటన్ ఫెయిర్ అని పెద్ద వ్యాపార సంత, 1957 నుంచీ జరుగుతోందట. ఆ రోజుల్లో లాడ్జి గది దొరకడమే కష్టం, దొరికినా రేటు అందదు. అందుకని ముందే వెళ్ళి రావడం మేలు.

పాస్‌పోర్టు పని మాత్రం చేను దున్నినంత అయింది. మా ఇంటావిడకి ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరమే. అది సరిచేయించడానికి మూడుసార్లు తిరిగాం. ఇహ నా వేళ్ళు. రేషన్ మిషన్ దగ్గరా, ఈకేవైసీ దగ్గరా మనందరికీ ఉన్న బాధే. కలుపు తీసి, మందు కలిపి అరిగిపోయిన వేళ్ళని మిషన్ గుర్తుపట్టదు. ఆ కౌంటర్లో అమ్మాయి ఓపికున్న మనిషి, తడి గుడ్డతో తుడిపించి ఐదోసారికి పట్టించింది. మా అమ్మాయికి ఒక్క నిమిషంలో అయిపోయింది. దానికి ఇంటర్ పరీక్షలు మార్చితో అయిపోతాయి, అదే మాకు గైడు.

తీసుకెళ్ళే సామాను దగ్గర ఇంట్లో పెద్ద గొడవ. కోడి పచ్చడి వద్దన్నాడు మావాడు, మాంసం రానివ్వరు. పళ్ళు, కూరగాయలు, విత్తనాలు కూడా రానివ్వరు. నేను ఒక గుప్పెడు 1121 వడ్లు సంచిలో వేసుకుందామనుకున్నాను, అక్కడి రైతు కనబడితే చూపిద్దామని. "నాన్నా, ఎయిర్‌పోర్టులోనే తీసేస్తారు" అన్నాడు. ఆవకాయ, గోంగూర, కందిపొడి ఖాయం. ఆత్రేయపురం పూతరేకులకి మాత్రం నెయ్యి అడ్డం వచ్చింది, కనుక్కుని చెప్తానన్నాడు.

ఇహ చూడాల్సినవి. హైబ్రిడ్ వరి 1973లో తెచ్చిన యువాన్ లాంగ్‌పింగ్ గారు ఉన్న ఊరు చాంగ్షా. ఆయన 2021లో పోయారు. స్పీడు రైల్లో ఇంచుమించు రెండున్నర గంటలట. వెళ్దామంటే మావాడు ఒప్పుకోలేదు. "నాలుగు రోజుల్లో రెండు ఊళ్ళు తిరిగితే రైళ్ళే చూస్తారు." నిజమే. మా ఇంటావిడని అడిగితే ఒకటే మాట, "నాకు ఏ ఊరూ వద్దు, వాడి వంటిల్లు చూస్తే చాలు."

నేను పట్టుబట్టి ఒక్క రోజు మాత్రం తీసుకున్నాను. గ్వాంగ్‌జౌ కూడా మనలాగే డెల్టాలో ఉన్న ఊరండి, పెర్ల్ నది డెల్టా. దాని పక్కన ఫోషాన్ వైపు వందల ఏళ్ళుగా ఒక పద్ధతి ఉండేది. చెరువు తవ్విన మట్టితో గట్టు పోసి, గట్టు మీద మల్బరీ వేసేవారు. ఆకు పట్టుపురుగుకి, పురుగుల పెంట చెరువులో చేపకి, చెరువు అడుగు బురద తీసి మళ్ళీ మల్బరీ మొదట్లోకి. ఒకదాని చెత్త ఇంకోదానికి మేత. 1980ల నుంచి ఫ్యాక్టరీలు వచ్చి అందులో చాలామటుకు పోయింది. అక్కడక్కడా మిగిలిందట, అది చూడాలి.

ఎందుకంటే, మీకు చెప్పకపోతే ఎవరికి చెప్తాను, మా రెండున్నర ఎకరాలకి ఇటూ అటూ రొయ్యల చెరువులు వచ్చేశాయి. తూర్పు గట్టు వెంట ఉప్పు పైకి తేలి రెండు సెంట్లలో నారు బతకలేదు. కోత అయ్యాక నా చేను కూడా లీజుకిమ్మని అడుగుతున్నారు. వరి కౌలు కంటే చాలా ఎక్కువే ఇస్తామంటున్నారు. కిందటి ఆగస్టులో అమెరికావాడు సుంకం 50 శాతం చేశాక ఇదే చెరువుల వాళ్ళు తలలు పట్టుకోవడం నేను చూశాను. అయినా వాళ్ళకి ఇంకా ఆశే. నాకు యాభై ఆరు దాటాయి. మావాడు వచ్చి నాగలి పట్టడు, ఆ సంగతి నాకు తెలుసు, వాడికీ తెలుసు, ఫోన్లో మాత్రం ఇద్దరం అనుకోం. ఇవ్వాలా వద్దా అన్నది అక్కడ వాడి ఎదురుగా కూర్చుని అడగాలని ఉంది. వీడియో కాల్లో అడిగే మాట కాదండి ఇది. చెరువు తవ్వాక మళ్ళీ మడి అవ్వదు.

మా అమ్మకి ఎనభై దాటాయి, ఆవిడ రాలేదు. ఆ వారం మా చెల్లి వచ్చి ఉంటుంది. "వాడిని చూసి రావడం కాదురా, తీసుకురా" అంటోంది అమ్మ, రోజుకి రెండుసార్లు. టికెట్లు ఇంకా తియ్యలేదు, అంతా కలిపితే మంచి గేదె ఖరీదు దాటుతోంది. పాల డబ్బులూ, సార్వా ధాన్యం డబ్బుల్లో మిగిలిందీ కలిపి ఈ వారం తీసేస్తాను.

అక్కడి సిమ్ము వేస్తే ఫేస్‌బుక్, వాట్సాప్ పనిచెయ్యవట, కాబట్టి ఆ నాలుగు రోజులూ ఈ పేజీ మూగే. చేను మా బామ్మర్దికి అప్పజెప్పాను. నాకు ఉన్న భయం ఒక్కటే, 9 లోపు మబ్బేస్తే మిషన్ దొరకదు, తడిస్తే తేమ 17 దాటి కొనేవాడు ఉండడు. మీలో ఎవరికైనా ఏప్రిల్ 10, 11 తారీకుల్లో మా కాలవ వైపు వచ్చే కోత మిషన్ వాళ్ళు తెలిస్తే ఇప్పుడే చెప్పండి, బయానా ఇచ్చి మరీ వెళ్తాను. టైర్ల బండి కాదు, చైన్ మిషన్ అయితే మంచిది, కింద మడి ఇంకా దిగబడుతుంది.