ఓడ ఎక్కాలంటే ముందు విమానం దొరకాలి

2024 జూలై 19, శుక్రవారం. ఆ పొద్దున ప్రపంచమంతటా కంప్యూటర్ తెరలు నీలంగా మారి ఆగిపోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక సైబర్ భద్రతా కంపెనీ పంపిన అప్‌డేట్‌లో లోపం వల్ల దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు దెబ్బతిన్నాయని తర్వాత మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. మన దేశంలో చాలా విమానాశ్రయాల్లో బుకింగ్, చెక్‌ఇన్ వ్యవస్థలు పడిపోయాయి. ఆ మధ్యాహ్నం మా ఇంటిల్లిపాదీ, అంటే మా వారు, అత్తమ్మ, మా అమ్మాయి, నేను, శంషాబాద్ విమానాశ్రయంలో ఉన్నాం. ఆదివారం సాయంత్రం సింగపూర్‌లో ఓడ ఎక్కాలి.

మా వారు నాచారం పారిశ్రామికవాడలో పనిచేసి ఆ జూన్‌లోనే రిటైరయ్యారు. అత్తమ్మకు 78 ఏళ్లు. మోకాళ్లు పోయాయి, నాలుగడుగులు వేస్తే కూర్చోవాలి. "సచ్చేలోపు ఒక్కపారి ఓడ ఎక్కాలె బిడ్డా" అని ఆమె ఎప్పటినుంచో అంటున్న మాట. రిటైర్మెంటు డబ్బు చేతికి రాగానే మా వారు చేసిన మొదటి ఖర్చు ఇదే. ఓడలో రెండు గదులు తీసుకున్నాం. అందులో ఒకటి చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పు తలుపున్నది.

మా ఎదురింటివాళ్లు కూడా అదే ఓడకు వస్తున్నారు. ఓడ టికెట్లు ఇచ్చిన ఏజెంటు దగ్గరే వాళ్లు విమానం కూడా కలిపి తీసుకున్నారు. మేము ఓడ వరకు అక్కడ తీసుకుని, విమానాలు విడిగా చూసుకున్నాం. హైదరాబాద్ నుంచి చెన్నైకి ఒక కంపెనీ, చెన్నై నుంచి సింగపూర్‌కు రానూపోనూ మరో కంపెనీ. మనిషికి తొమ్మిది వేల దాకా తేడా వచ్చింది. నలుగురికి 36 వేలు. పెన్షన్ లేని ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. ఆ లెక్కను నేను ఇవాళ్టికీ తప్పుపట్టను. కానీ ఆ 36 వేలకు ఎదురింటివాళ్లకు దక్కింది ఏమిటో మాకు ఏ ఏజెంటూ విప్పి చెప్పలేదు.

మా నారపల్లి నుంచి ఉప్పల్ వైపు వెళ్లడమంటే తెలిసినవాళ్లకు తెలుసు. 2018లో మొదలుపెట్టిన ఎలివేటెడ్ కారిడార్ పిల్లర్లు అప్పటికి అలాగే నిలబడి ఉన్నాయి, కింద వానాకాలం గుంతలు. అత్తమ్మ నడుము ఆ కుదుపులకు తట్టుకోదని ఘట్‌కేసర్ దగ్గర రింగురోడ్డు ఎక్కి, చాలా ముందుగా విమానాశ్రయానికి చేరాం. మేం చేరేసరికే క్యూలు తలుపుల దాకా వచ్చాయి. కౌంటర్లో అమ్మాయి బోర్డింగ్ పాసుల మీద పెన్నుతో పేరు, విమానం నంబరు, సీటు నంబరు రాస్తోంది. ఒక్కో పాసుకు రెండుసార్లు ఆధార్ చూసి, పేరు అక్షరం అక్షరం సరిచూసుకుని రాస్తోంది. ఆ పిల్ల చెయ్యి నొప్పెడుతుంటే విదిలించుకుని మళ్లీ రాయడం నా కళ్లతో చూశాను. ఆమె మీద నాకు ఇసుమంత కోపం లేదు.

మా చెన్నై విమానం ముందు ఆలస్యమన్నారు, ఆ తర్వాత ఇంకా ఆలస్యమన్నారు, సాయంత్రం ఆరు దాటాక రద్దన్నారు. చెన్నై నుంచి సింగపూర్ విమానం మాత్రం అర్ధరాత్రికి సరిగ్గా వెళ్తోంది. ఆ కంపెనీకి ఫోన్ చేస్తే, "మీ చెన్నై టికెట్ మా దగ్గర తీసుకున్నది కాదు. మీరు రాకపోతే నో షో కింద పడుతుంది" అన్నారు. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చెన్నైలో తెల్లవారుతుంది. కారులో పోదామన్నా అర్ధరాత్రికి అందదు. మొదటి కంపెనీ డబ్బు వాపసు గాని, దొరికినప్పుడు మరో విమానం గాని ఇస్తానంది. రూల్ అంతవరకే. తమ చేతిలో లేని కారణంతో రద్దయితే విమాన కంపెనీ అదనపు పరిహారం ఇవ్వక్కర్లేదని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలే చెబుతున్నాయి. రెండు టికెట్ల మధ్య పడ్డ మనిషికి జవాబు చెప్పేవారు ఎవరూ లేరు.

ఎదురింటివాళ్లదీ అదే చెన్నై విమానం. వాళ్లూ మాతోపాటే నేలమీద దుప్పటి పరచుకుని కూర్చున్నారు. రాత్రి తొమ్మిదింటికి వాళ్లకు ఫోన్ వచ్చింది. శనివారం రాత్రి హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానంలో ఏజెంటు వాళ్లందరికీ సీట్లు పట్టాడు. అదనంగా పైసా అడగలేదు. ఎదురింటి వదిన ఫోన్ నాకిచ్చి మా సంగతి కూడా అడగమంది. అవతల అతను మర్యాదగానే చెప్పాడు: "మీ ఫ్లైట్ మా బుకింగ్‌లో లేదమ్మా, నేనేం చేయలేను."

శనివారం తెల్లవారుజామున మూడింటి నుంచి విమానాశ్రయాల్లో వ్యవస్థలు మామూలుగా పనిచేస్తున్నాయని పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు ప్రకటించారు. నిజమే, తెరలు వెలిగాయి. కానీ ముందురోజు ఆగిపోయిన జనమంతా మిగిలిన సీట్ల మీద పడ్డారు. మా అమ్మాయి ఫోన్లో వెతికి వెతికి ఆ రాత్రి విమానంలోనే రెండు సీట్లు పట్టింది. రెండే. ధర మామూలుకు మూడింతలు.

ఎవరు వెళ్లాలి? ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేక చాలాసేపు కూర్చున్నాం. అత్తమ్మ తనను ఇంట్లో దింపి మమ్మల్ని పొమ్మంది. మా వారు తల్లిని వదిలి కదలనన్నారు. చివరికి నేనే గట్టిగా చెప్పాను, తల్లీకొడుకులు వెళ్లాలని. ఇన్సులిన్ పెన్నులు ఐస్ ప్యాక్‌లో చుట్టి ఆయన చేతిసంచిలో పెట్టాను. అత్తమ్మ మాత్రలు పొద్దునవి, రాత్రివి వేరు చేసి కవర్ల మీద రాసిచ్చాను. మా అమ్మాయికీ నాకూ తీసుకున్న ఓడ గది ఖాళీగా వెళ్లింది. రాని ప్రయాణికులకు వాపసు ఉండదని ఒప్పందంలోనే ఉంది.

అసలు దెబ్బ సోమవారం తెలిసింది. తిరుగు ప్రయాణం వివరాలు చూద్దామని బుకింగ్ తెరిస్తే టికెట్లు రద్దయినట్టు ఉంది. రానూపోనూ ఒకే టికెట్‌గా తీసుకున్నప్పుడు, వెళ్లే విమానం ఎక్కకపోతే వచ్చేది కూడా రద్దు చేసే అధికారం కంపెనీకి ఉంటుంది. చాలా కంపెనీల షరతుల్లో ఇది ఉంది. శుక్రవారం నేను ఫోన్ చేసినప్పుడు కూడా అవతలివాళ్లు ఈ ముక్క చెప్పలేదు. మా వారూ అత్తమ్మా నడిసముద్రంలో ఉన్నారు, ఫోన్ కలవదు. నేను కాల్ సెంటర్ పాట వింటూ రాత్రి రెండింటి దాకా హాల్లో నడుస్తూనే ఉన్నాను. డెబ్బై ఎనిమిదేళ్ల ముసలామె పరాయి దేశంలో దిగి, తన టికెట్ చెల్లదని కౌంటర్లో వింటే ఎలా ఉంటుందోనన్న భయం తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు. ఓడలో వైఫై కొనుక్కున్న ఎదురింటి వదిన ద్వారా కబురు పంపాను. మళ్లీ రెండు టికెట్లు కొన్నాం, మళ్లీ చక్రాల కుర్చీకి చెప్పుకున్నాం. బుధవారం పొద్దున ఓడ దిగితే, రాత్రి విమానం దాకా అత్తమ్మ ఛాంగి విమానాశ్రయంలో కుర్చీలోనే గడిపింది. కాళ్లు వాచి చెప్పుల్లో పట్టలేదు. ఎదురింటివాళ్లు తమ టికెట్ల మీద మామూలుగా వచ్చేశారు.

ఓడవాళ్ల ద్వారా విమానం తీసుకుంటే సుఖమేనని నేను అనడం లేదు. దారి వాళ్లు ఎంచుతారు, వేళలు వాళ్లు ఎంచుతారు, ధర ఎక్కువ పడొచ్చు. కానీ దాంతోపాటు బాధ్యత కూడా వస్తుంది. ఓడ కంపెనీల్లో రాయల్ కరీబియన్ 'ఎయిర్‌టుసీ', ప్రిన్సెస్ 'ఈజీఎయిర్' లాంటి పథకాలు పెట్టుకున్నది అందుకే. విమానం ఆలస్యమైతే ఓడ దగ్గరికో, తర్వాతి రేవుకో చేర్చే ఏర్పాటు వాళ్లు చూస్తారు. మన దగ్గర ఏజెంట్ల ప్యాకేజీల్లో ఆ మాట కాగితం మీద ఉందో లేదో డబ్బు కట్టేముందే అడగాలి, నోటిమాట చాలదు.

మా కాలనీ నుంచి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి, అక్కడినుంచి అలాస్కా ఓడ ఎక్కేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఇంకో చిక్కుంది. ఆ ఓడల్లో చాలావరకు విదేశీ జెండావి. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం, సియాటిల్‌లో బయల్దేరి సియాటిల్‌కే వచ్చే అలాంటి ఓడ తప్పిపోతే, అలాస్కాలోని జూనోలో ఎక్కి సియాటిల్‌లో దిగడానికి మామూలుగా ఒప్పుకోరు. అక్కడ తర్వాతి రేవులో అందుకోవచ్చన్న భరోసా పనికిరాదు. విమానం ఎవరి దగ్గర కొన్నా ఒకరోజు, వీలైతే రెండు రోజులు ముందే సియాటిల్ చేరమని అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను.

రద్దయిన చెన్నై టికెట్ల డబ్బు వెనక్కి వచ్చింది. సింగపూర్ టికెట్లలో పన్నుల వరకే ఇచ్చారు. ప్రయాణ బీమా క్లెయిమ్ తిప్పిపంపారు. పాలసీ దేశం దాటాకే మొదలవుతుందట, మాకు అడ్డం పడింది శంషాబాద్‌లో. మా అమ్మాయి రద్దయిన తిరుగు టికెట్ల మీద వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు రాస్తోంది. ఆమెకు కావలసిన కాగితాలన్నీ నేను తారీకుల వరసన పెట్టి ఇచ్చాను.