శ్రీహరికోట దారిలో

సూళ్లూరుపేట నుండి తూర్పుగా వెళ్లే రోడ్డుకు రెండు పక్కలా పులికాట్ సరస్సే. చలికాలంలో ఫ్లెమింగోలు కనబడతాయి. రోడ్డు చివర శ్రీహరికోట.

ప్రియ చదువరులారా, ఆ పేరు వినగానే మనకు రాకెట్లు గుర్తుకొస్తాయి. అంతకుముందు అది యానాదుల అడవి. తేనె, దుంపలు, కట్టెలు, మందుమొక్కలు అన్నీ వారికి అక్కడే దొరికేవి. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ చోటును ఎంపిక చేశాక ఎన్నో యానాది కుటుంబాలను దీవి బయటికి తరలించారు.

వీరిని గూర్చి వ్రాసినవారిలో ఇద్దరిని చెప్పాలి. థర్‌స్టన్ దొర దక్షిణాది కులాలు, తెగలపై 1909లో సంపుటాలు వెలువరించాడు. మనుషుల ముక్కుల పొడవు, వెడల్పు కొలిచి జాతులను అంచనా కట్టిన మనిషి ఆయన! రెండవవారు నెల్లూరు సీమకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్యగారు. యానాదుల మధ్య ఏళ్ల తరబడి పనిచేసి, తర్వాత వారిపై పుస్తకం వ్రాశారు. అప్పట్లో నేరస్థ జాతుల చట్టం క్రింద యానాదుల్లో కొందరిపై పుట్టుకతోనే దొంగలన్న ముద్ర ఉండేది. దానిపై ఆయన పోరాడారు. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. ముక్కు కొలతల కంటె నాకు ఈ చదువే నచ్చింది.

మన సంఘాల్లో చాలామందిమి అంటరానితనం అనుభవించిన వారి బిడ్డలమే. అయినా అనేక ఊళ్లలో యానాదుల గుడిసెలు మన పేటకు కూడా అవతలే ఉంటాయి. పొలంలో ఎలుకలు పడితే యానాదిని పిలుస్తాము. ఇంట్లో ఏదైనా పోతే మొదటి అనుమానమూ అతని మీదే.