అనంతగిరి తోటలలో ఆకుమీఁది కాపురములు

విశాఖపట్టణమునుండి అరకునకుఁ బోవు రైలు సొరంగములు దాటుచుఁ గొండలెక్కు సొగసును, బొఱ్ఱా గుహల వింతలను సోదరీమణులలోఁ బలువు రెఱుఁగుదురు. నడుమనున్న అనంతగిరి కాఫీతోటలను మాత్రము యాత్రికులు దారినుండియే చూచి సాగిపోవుదురు. మొన్నటి మార్గశిరమున మేము మావారితోఁ గూడి యచట రెండుదినములు నిలిచి, ఆ చెట్ల కొమ్మలపైనను, ఆకులపైనను బెరుగు లైకెనులను జూచితిమి.

లైకెను మనకుఁ గొత్తది గాదు. మన మసాలాపెట్టెలోని రాతిపువ్వు లైకెనే. అమరకోశము దానిని శైలేయ మనియు, అశ్మపుష్ప మనియుఁ జెప్పినది. కాని యది పువ్వు గాదు. ఒంటి జీవియుఁ గాదు. శిలీంధ్రమును నాచును గలిసి చేయు కాపురమది. శిలీంధ్రము ఇల్లు కట్టి తేమను నిలుపును. నాచు ఎండసాయమున ఆహారము సిద్ధపఱచును. 1867వ సంవత్సరమున స్విట్జర్లాండు పండితుఁడు ష్వెండెనరు ఈ జంట సంగతిని వెల్లడింపఁగా, ఆనాఁటి లైకెను పండితులు పలువురు ససేమిరా యొప్పుకొనలేదు.

తోటలో నొక గిరిజన స్త్రీ కత్తితోఁ గాఫీకొమ్మల బెరడు గోకుచుండెను. ఏల యని యడిగితిమి.

“చీడ పట్టిందమ్మా. గోకకపోతే చెట్టు చచ్చిపోతాది.”

“ఇవి చెట్టును తినవమ్మా. వీటికి కూర్చోడానికి పీట కావాలి, అంతే,” అని మావారు చెప్పి, భూతద్ద మామె చేతికిచ్చిరి.

ఆమె కొంతసేపు చూచి, “అక్షరాలు రాసినట్టున్నాయి బాబూ! ఎవరు రాశారు?” అనెను.

తెల్లని పొరపై నల్లని సన్నగీఁతలు, తాళపత్రముమీఁది గంటపు వ్రాఁతవలె నుండెను. అది గ్రాఫిస్ అను జాతి. ఆ గీఁతలే దాని ఫలములు. విత్తుల వంటి సిద్ధబీజము లందుండును. లైకెనులను మొదట రూపమునుబట్టి మూఁడు తెగలుగా విడఁదీయుదురు: పొరవలె నంటుకొనునవి, ఆకువలె విచ్చుకొనునవి, కుంచెవలె వ్రేలాడునవి. పిమ్మట ఫలము గిన్నెయా, చుక్కయా, గీఁతయా యని చూతురు. సిద్ధబీజమున నెన్ని గదులున్నవో సూక్ష్మదర్శినితో లెక్కింతురు. 1866లో నైలాండరు పండితుఁడు క్షారజలపుఁ జుక్క వేసి, రంగుమార్పునుబట్టి జాతులను గుర్తించు పద్ధతిని దెచ్చెను. పారిసు నగరమున గాలి చెడినచోట లైకెనులు నిలువవని గ్రహించినదియు నాతఁడే. మనదేశపు సూక్ష్మ లైకెనులను బోల్చుకొనుటకు లక్నోకుఁ జెందిన ధరణీధర అవస్థిగారు 1991లో నొక గ్రంథమును వెలువరించిరి.

అంతలో నామె యొక కాఫీయాకు త్రిప్పి చూపెను. దానిమీఁద గుండ్రని బూడిదపచ్చ మచ్చలు, వానినడుమ నల్లని చుక్కలు. అది స్ట్రిగులా. ఇది తక్కినవానివలెఁ బైననే కూర్చుండక, ఆకు పైపొర క్రిందికి దూరును. చాలభాగ మాకులైకెను లట్లు దూరవు.

“ఆకు రాలిపోతే వీటి గతేటి బాబూ?” అని యామె యడిగెను.

రాతిమీఁది లైకెనునకుఁ దొందర లేదు. ఏఁటికిఁ గొన్ని మిల్లీమీటర్లే పెరిగి, నూఱేండ్లైనను బ్రతుకఁగలదు. ఆకుమీఁదిదాని కాయువు ఆకుతోనే సరి. ఆకు రాలకమున్నే అది మొలిచి, పెరిగి, ఫలించి, తన సిద్ధబీజములను మఱొక యాకునకుఁ బంపవలెను. అందుచేతనే యాకులైకెనులలో బెక్కు గోరంతకు మించి పెరుగకయే ఫలించును. ఈ మాట మావారు చెప్పఁగా నామె యించుక యూరకుండి, “పిల్లల్ని ముందే ఒడ్డెక్కించుకోవాలన్నమాట,” అనెను. పండితుల వివరణముకంటె నీ మాటయే మాకు బాగుగా నాటినది.

మేము రాలిన యాకులనే యేఱి, కాగితపుఁ బొట్లములలో నుంచి, చెట్టుపేరును, తిథిని, నేలనుండి కొమ్మయెత్తును వానిపై వ్రాసితిమి. ఆమె కత్తిని మొలలో దోపుకొని, గోకకుండ మిగిలిన కొమ్మలవైపుఁ జూచుచు, కాఫీపండ్ల బుట్ట నెత్తుకొని సాగిపోయెను.