ఐసుపెట్టెలో ‘సి’ విటమిన్‌

మైపాడు తీరంలో పొద్దున తొమ్మిదింటికే ఇసుక కాలుతుంది. దాని మీద నెత్తళ్లు ఆరబోసి, కాకులు తన్నుకుపోకుండా కాపలా కాయడం ఆ తల్లికి ముప్ఫయ్యేళ్లుగా అలవాటైన పని. బుగ్గల మీద మంగు ఎప్పుడు మొదలైందో ఆమెకే గుర్తులేదు. నెల్లూరులో బట్టల షాపులో పనికి కుదిరిన కూతురు మాత్రం అది చూడలేకపోయింది. తొలి జీతంలోంచి 600 రూపాయలు పెట్టి ఓ చిన్న సీసా కొనుక్కొచ్చింది. విటమిన్‌-సి సీరమ్‌! ‘రోజూ నాలుగు చుక్కలు రాసుకోమ్మా, ఎండ నిన్నేం చెయ్యదు’ అంది.

అమ్మ రాసుకుంటేగా! ఇంత ఖరీదైంది పండక్కి వాడుకోవచ్చులే అని రేకుల ఇంట్లో కిటికీ పక్క గూట్లో దాచింది. నెలన్నర తర్వాత తీస్తే, నీళ్లలా ఉన్న మందు టీ డికాషన్‌ రంగుకి తిరిగింది. ‘ఏంది పాపా ఇది, కషాయం మాదిరి అయిపోయింది?’ అంటే కూతురి మొహం చిన్నబోయింది.

తప్పు ఇద్దరిదీ కాదు, ఆ విటమిన్‌ గుణమే అంత. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మంలో ఫ్రీ రాడికల్స్‌ని పుట్టిస్తాయి. అవి కణాల్నీ, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌నీ దెబ్బతీస్తాయి. సి విటమిన్‌ అడ్డం వెళ్లి ఆ దెబ్బ తాను తింటుంది... తను ఆక్సీకరణ చెందుతుంది. గాలికీ వేడికీ వెలుతురుకీ ఆ పని సీసాలోనే జరిగిపోతే, ఇక చర్మానికి మిగిలేదేముంది?

దీన్ని నిలబెట్టే దారి కోసం అమెరికాలోని డ్యూక్‌ విశ్వవిద్యాలయంలో షెల్డన్‌ పిన్నెల్‌ బృందం చాలాకాలం కష్టపడింది. 15 శాతం సి, 1 శాతం ఇ విటమిన్లున్న ద్రావణానికి అర శాతం ఫెరూలిక్‌ ఆమ్లం కలిపి పంది చర్మం మీద పరీక్షిస్తే రక్షణ నాలుగు రెట్ల నుంచి ఎనిమిది రెట్లకు పెరిగిందని 2005లో ప్రకటించింది. విటమిన్లూ త్వరగా పాడవలేదు. షాపుల్లో దొరికే సీసాలన్నీ ఈ పాళ్లలో ఉండవనుకోండి.

ఫెరూలిక్‌ ఆమ్లం బియ్యపు తవుడులోనూ ఉంటుంది. మొలగొలుకులు పండించిన సీమలో తవుడుకేం కరువు! అలాగని మొహానికి తవుడు రుద్దుకుంటే ఈ ఫలితం రాదు. పొదలకూరు నిమ్మకాయ సంగతి మరీ ప్రమాదం. రసం తగిలిన చోట ఎండ పడితే బొబ్బలెక్కి, నల్లమచ్చలు పడొచ్చు.

కూతురి మాటలోనూ ఓ పొరపాటుంది. సీరమ్‌ ఎండని ఆపదు. ఆపేవి బట్టా, నీడా, సన్‌స్క్రీనూ. వాటిని తప్పించుకుని లోపలికి చేరిన ఎండతోనే విటమిన్‌కి పని. పైగా పొడి ఇసుక 15 శాతం, సముద్రపు నురగ 25 శాతం దాకా అతినీలలోహిత కిరణాల్ని తిప్పికొడతాయి. గొడుగు పట్టుకున్నా కింది నుంచి తగులుతుందన్నమాట. 600 రూపాయలే చేతిలో ఉంటే సీసా కన్నా ముందు కొనాల్సింది పొడుగు చేతుల చొక్కా.

తర్వాతి నెల కూతురు చొక్కా, సన్‌స్క్రీన్‌ తెచ్చింది. మనసొప్పక ఇంకో సీసా కూడా! ఇంట్లో ఫ్రిజ్‌ లేదు. అమ్మ దాన్ని కవర్లో చుట్టి, రొయ్యల ఐసుపెట్టెలో ఓ మూల దూర్చింది.

‘మొహమంతా నీచు వాసనొస్తాదేమో!’

‘నాకేమన్నా కొత్తా?’ అంది అమ్మ, తలగుడ్డ బిగించుకుంటూ.